కుదుపు ఎరగని వేలు

మా బావ పోయాడన్న కబురు నాకు బస్సులో అందింది. భవానీపూర్‌లో ఎక్కి గార్డెన్ రీచ్ వైపు పోతున్నాను. అక్క ఫోను చేసి, "ఒరే, మీ బావ ఎల్లిపోనాడురా" అంది. ఆమె ఏడవలేదు, నేనూ ఏడవలేదు. పక్క సీటాయన జరగమంటే జరిగి కూర్చున్నాను. ఆ తర్వాత రెండు స్టాపుల దాకా నన్ను పట్టింది దుఃఖమని రాస్తే చదివేవారికి బాగుంటుంది. కానీ అది కోపం. ఆయన్ని ఒక ప్రశ్న అడగడానికే ఆ బస్సెక్కాను. మూడు వారాలుగా అడగాలనుకుంటూ, ఆ ఉదయం ధైర్యం చేసి బయల్దేరాను. నేను ఖిదిర్‌పూర్ వంతెన దాటేలోపే, జవాబు చెప్పవలసిన మనిషి వెళ్ళిపోయాడు.

ప్రశ్న చిన్నదే. మూడు వారాల కిందటి ఆదివారం రిమోటు కార్ల పందెంలో నేను మా బావను ఓడించాను. ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారి. ఆ గెలుపు నేను సంపాదించుకున్నదా, ఆయన జాలిపడి వదిలిపెట్టిందా? ఇంతే. డెబ్బై రెండేళ్ళ మనిషి బొమ్మ కారు పందెం గురించి ఇంతగా కొట్టుకుంటాడా అని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. మీకు మా బావ లాంటి బావ లేడన్నమాట.

మన సంఘం పత్రికవారు ఆయన మీద నాలుగు మంచి మాటలు రాయమన్నారు. మంచి మాటలన్నీ భూస్థాపన రోజునే అయిపోయాయి. పాస్టరు గారు ఆ కారునే ఉదాహరణగా తీసుకుని, బలం ఉండీ అణచుకున్నవాడే గొప్పవాడని చాలాసేపు ప్రసంగించారు. ఆయన ఆ కారును ఒక్కసారి కూడా చూసి ఎరగరు. పందేలు నడిపే పళ్ళ డాక్టరు లేచి, దాదా వేలిలో, అంటే అన్నగారి వేలిలో, మాయ ఉండేదని బెంగాలీలో చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మాయ వెనక నేను చేసిన పని ఎంత ఉందో ఒక్కరూ ఎత్తలేదు. అది నేనే రాయవలసి వచ్చింది.

మా బావ అంటే మా అక్క భర్త. రేవులో క్రేను డ్రైవరు. నేను నదికి ఇవతల ఓడలు కట్టే యార్డులో మోటార్లకు రాగి తీగ చుట్టేవాణ్ణి. మా రెండు కుటుంబాలూ శ్రీకాకుళం జిల్లా నుంచి ఒకే కాలంలో రేవు పనికి వచ్చినవే. ఆయన పని ఆకాశంలో, నాది ఓడ కడుపులో. ఆయన క్రేను గదిలో కూర్చుంటే అవతలి ఒడ్డువాళ్ళకు కూడా కనిపించేవాడు. నేను భోజనం గంట కొట్టినప్పుడు బయటికి వస్తే, నా ముఖం మీది మసి చూసి మా నాన్నే ఒకసారి నన్ను పోల్చుకోలేదు. ఆ నాన్నే, నేను వింటుండగా, ఇంటికి వచ్చిన చుట్టాలతో అన్నాడు: "మావోడు సదువుకున్నోడండీ. పని తెల్సినోడు మాత్రం అల్లుడే."

నేను చదివానన్నది నిజం. మా ఇంట్లో పుస్తకాలు గోడలు నిండి మంచం కిందికి కూడా పాకాయి. మూడు భాషల్లో చదివాను. మా బావ జీవితంలో చదివినవి రెండే: గుడిలో పాటల పుస్తకం, ఎంత బరువు ఎత్తవచ్చో క్రేను మీద రాసి ఉండే పలక. అయినా పెళ్ళిళ్ళలో, ప్రార్థన కూడికల్లో జనం చేరేది ఆయన చుట్టూనే. నేను మాట్లాడితే వినేవారు. ఆయన మాట్లాడితే నవ్వేవారు. రెండిటికీ ఉన్న తేడా ముసలితనంలో బాగా తెలుస్తుంది.

ఈ కార్ల పిచ్చి ఆయనకు అంటించింది నేనే. రిటైరయ్యాక భవానీపూర్‌లో ఫ్యాన్లకూ పంపులకూ తీగ చుట్టే చిన్న కొట్టు పెట్టాను. పై అంతస్తులో పళ్ళ డాక్టరు. అందరూ డాక్టర్‌దా అంటారు. ఒక రోజు బొటనవేలంత మోటారు పట్టుకొచ్చి, దీనికి తీగ చుట్టగలరా అన్నాడు. చుట్టాను. ఆ ఆదివారమే నన్ను గార్డెన్ రీచ్‌లో మూతపడిన జనపనార గోడౌను వెనక్కి తీసుకెళ్ళాడు. వెడల్పాటి సిమెంటు గచ్చు, మలుపులకు గుర్తుగా ఖాళీ డ్రమ్ములు, అంచుల వెంట పాత గోనె బేళ్ళు. పాతిక మంది పెద్ద మనుషులు చేతిలో రిమోటు పట్టుకుని మూరెడు కార్లను పరుగెత్తిస్తున్నారు. నేను అక్కడే చిక్కుకున్నాను. నెల తర్వాత, దగ్గర్లోనే ఇల్లు కదా అని, సంచీ మోయడానికి బావను పిలిచాను. నా జీవితంలో చేసిన తప్పుల జాబితాలో అది చాలా పైన ఉంటుంది.

ఆయన మొదటి రోజు సంచీ మోశాడు. రెండో ఆదివారం, "ఒకపాలి ఇలగియ్యిరా, సూస్తాను" అని రిమోటు అడిగాడు. మూడో ఆదివారం నన్ను దాటాడు. అక్కడి నుంచి ఎనిమిదేళ్ళు నేను ఆయన కారు వెనక భాగమే చూశాను. దాని మీద ఉన్న ప్రతి గీతా నాకు కంఠస్థం.

పందేనికి ముందు ఆయనకు కొన్ని అలవాట్లు ఉండేవి. కుడిచేతి చూపుడు వేలితో ఏదీ ముట్టుకునేవాడు కాదు. మూడీ తిన్నా, అంటే ఆవనూనె కలిపిన మరమరాలు, ఎడమచేత్తోనే. మట్టి ముంతలో టీ తాగి ముంతను పగలగొట్టకుండా సంచీలో వేసుకునేవాడు, "అక్కకి మొక్కలెట్టుకోడానికి" అని. ఆ తర్వాత లుంగీకి ఆ ఒక్క వేలూ తుడుచుకుని రిమోటు గుర్రం మీద పెట్టేవాడు. రిమోటు తుపాకీలా ఉంటుంది, దాని మీటనే గుర్రం అంటాం. గుర్రం లోపలికి లాగితే కారు పరుగెడుతుంది, ముందుకు తోస్తే ఆగుతుంది. ఎంత లాగితే అంత వేగం. ఇందులో నేర్చుకోవలసింది ఏముందని అనిపిస్తుంది. నాకూ అనిపించింది, ఆ రాక్షసి మోటారు వచ్చేదాకా.

ఆరేళ్ళ కిందట డాక్టర్‌దా ఒక పెద్ద కారు కోసం బ్రష్‌లెస్ మోటారు తెప్పించి, అది కుదరక ఒక చిన్న ట్రక్కులో బిగించాడు. నాలాంటివాడికి ఆ మోటారే ఒక అవమానం. నేను బతుకంతా చూసిన మోటార్లలో బొగ్గు ముక్కలు ఉంటాయి, అరుగుతాయి, మారుస్తాం, చెయ్యి నల్లబడుతుంది. ఇందులో బొగ్గు లేదు. ఏ తీగకు ఎప్పుడు కరెంటు వెళ్ళాలో ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె నిర్ణయిస్తుంది. చేతికి పని లేదు. బలం మాత్రం ఆ బండికి కావలసినదానికి మూడింతలు. పైగా ఆ ట్రక్కుకు వెనక చక్రాలకే బలం అందుతుంది. డాక్టర్‌దా గుర్రం తాకాడో లేదో, బండి ముక్కు ఆకాశానికెత్తి వీపు మీద పడింది. తిరగేసి మళ్ళీ తాకాడు. ఈసారి అక్కడే బొంగరంలా తిరిగి గోనె బేలులోకి దూరింది.

"ఇది నావల్ల కాదు దాదా. మచ్చిక చేసినవాళ్ళదే ఇది" అన్నాడు డాక్టర్‌దా.

"నేను చేస్తాను" అన్నాను. బావ మూడీ తింటున్నాడు.

మూడు ఆదివారాలు తంటాలు పడ్డాను. వేగం తగ్గిద్దామని మోటారు కొనకు చిన్న పళ్ళ చక్రం వేశాను. వేగం తగ్గింది, తన్ను పెరిగింది. బండి ఇంకా తొందరగా తిరగబడింది. మోటార్ల మధ్య బతికినవాణ్ణి, అంత తేలిక లెక్క తప్పానని ఇప్పటికీ సిగ్గే. రెండో వారం పెద్ద పళ్ళ చక్రం వేశాను. యార్డు రోజుల నుంచి నా దగ్గరున్న పాత కేబులు సీసం తొడుగును సుత్తితో పలచగా కొట్టి, అరవై గ్రాముల ముక్క చేసి బండి ముక్కులో అతికించాను. ముక్కు లేవడం ఆగింది. ఇది గుర్తుపెట్టుకోండి, ముక్కు లేవడం ఆపింది నేను. మూడో వారం ఆ ఎలక్ట్రానిక్ పెట్టెలో అమరికలన్నీ కిందికి దించాను. గుర్రం తాకగానే ఎంత గట్టిగా తన్నాలో చెప్పే అమరికను 'పంచ్' అంటారు, దాన్ని ఒకటో మెట్టులో పెట్టాను. గుర్రం పూర్తిగా లాగినా సగం బలమే వెళ్ళేట్టు చేశాను. మూడు సెల్లుల బ్యాటరీ తీసి రెండు సెల్లులది పెట్టాను. బండి బుద్ధిగా నడిచింది. అందరికంటే వెనక నడిచింది.

డాక్టర్‌దా పొట్ట పట్టుకుని నవ్వాడు. "దాదా, బాఘ్‌ని పట్టుకెళ్ళి ఛాగోల్‌ని చేసి తెచ్చారు!" పులిని మేక చేశానట. పాతిక మంది మేకలా అరిచారు. మా బావ కూడా అరిచాడు. అందరికంటే బాగా అరిచాడు.

తర్వాత, "నానొకపాలి సూస్తానురా" అని బండి ఇంటికి పట్టుకుపోయాడు. మూడు నెలలు తిరిగి తీసుకురాలేదు.

ఏం చేస్తున్నాడా అని ఒక ఉదయం వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో బండి వెనక కొక్కేనికి పురికొస కట్టి ఉంది. పురికొస రెండో కొసకు సగం ఇటుక. ఇటుక మీద నిండా నీళ్ళతో స్టీలు గ్లాసు. బావ చాప మీద కూర్చుని గుర్రం తాకుతున్నాడు. బండి జానెడు కదిలి, పురికొస బిగిసేసరికి ఆగింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. మరో నొక్కు. ఇటుక కదిలింది. గ్లాసులో నీళ్ళు కదల్లేదు.

అక్క గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడి ఉంది. "సూడరా, గచ్చంతా గీకీసినాడు మీ బావ. పాలోడొచ్చి సూసి నవ్వుకుంటా ఎల్లిపోనాడు."

"ఇదేం పద్ధతి బావా? అమరికలు మార్చకుండా ఎలా మచ్చికవుతుంది?" అన్నాను.

"అది మారదురా. ఇనపముక్క, దానికేటి తెల్సు? మారాల్సింది నా ఏలు." చూపుడు వేలు ఎత్తి చూపించాడు. "నాను ఇరవై టన్నులెత్తినాను. బరువుకి తాడు తెగదురా. కుదుపుకి తెగిపోతాది. ముందల తాడు బిగిసేదాకా ఒక నొక్కు. అక్కడ ఆగాల. అప్పుడు ఇంకో నొక్కు. ఆ మద్దిన ఆగీదే పని."

నేను చదివిన పుస్తకాలన్నిటిలోనూ బలాన్ని ఎలా పుట్టించాలో ఉంది, ఎలా తగ్గించాలో ఉంది. మధ్యలో ఆగడం గురించి ఎక్కడా లేదు. ఆ మాట నాకు తట్టనందుకు ఆ రోజంతా మండిపోయాను. ఇంటికి వెళ్ళి అన్నం సరిగా తినలేదు.

"నాకూ నేర్పు" అని ఒక్కసారి అడిగాను. ఆయన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. "నేర్పీదేటుందిరా బామ్మర్దీ? పొస్తకాల్లో ఉంటాది గదా." ఆ తర్వాత మళ్ళీ అడగలేదు.

నాలుగో నెల బండి గచ్చు మీదికి వచ్చింది. నేను వేసిన పెద్ద చక్రం, నేను అతికించిన సీసం, నేను పెట్టిన రెండు సెల్లుల బ్యాటరీ అలాగే ఉంచాడు. పంచ్ మాత్రం ఒక్కో మెట్టు పెంచుకుంటూ పోయి మూడు దగ్గర నిలిపాడు. సగం బలం దగ్గర నేను వేసిన గడియ తీసేశాడు. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయన పెదవులు కదిలేవి. రేవులో ఓడ మీది నుంచి క్రేను డ్రైవరుకు వేసే కేకలు రెండు. ఎత్తడానికి "హాబీస్", దించడానికి "అరియా". ఎన్ని దేశాల సరంగుల నోళ్ళలో అరిగి వచ్చిన మాటలో, రేవులో పనిచేసిన ప్రతి తెలుగువాడికీ తెలుసు. మలుపు ముందు మా బావ "అరియా... అరియా..." అని గొణుక్కుంటూ వేలు సడలించేవాడు. మలుపు తిరిగాక చిన్నగా "హాబీస్". ఆ రాక్షసి, నూలు దారం పట్టుకుని లాగినట్టు, డ్రమ్ముకు వేలెడు దూరంలో చుట్టి వచ్చేది. చూడటానికి అందంగా ఉండేది. ఆ మాట రాయడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

ఈ అరియాతో ఒక తమాషా జరిగింది. ఒక ఆదివారం అక్క టిఫిను పట్టుకుని గచ్చు దగ్గరికి వచ్చింది. డాక్టర్‌దా ఎదురెళ్ళి చేతులు జోడించి, "రండి అరియా బౌదీ!" అన్నాడు. బౌదీ అంటే వదిన. మలుపు మలుపుకూ దాదా భార్యను తలుచుకుంటున్నాడని అంతకాలంగా ఆ పాతిక మందీ అనుకుంటున్నారట. కొందరు ఇళ్ళకెళ్ళి తమ భార్యలకు చెప్పి తిట్లు కూడా తిన్నారు. సంగతి తెలిశాక అక్క టిఫిను కింద పెట్టి నవ్వింది. "పోన్లెండి బాబూ. దించమని పిలిచినారు. హాబీసని పేరెట్టుంటే ఈ ఒంటితో నన్నెవుడెత్తుతాడు?" అప్పటి నుంచి ఆమె అందరికీ అరియా బౌదీయే. భూస్థాపన రోజు కూడా అలాగే పిలిచారు. నాకు ఆ గచ్చు మీద పేరు లేదు. నేను దాదాగారి బామ్మర్దిని. వాళ్ళ భాషలో షాలా. అది తిట్టు కూడా.

పాఠకులకు ఇంకో నిజం చెప్పాలి. బావ నేర్పనన్నాక నేను ఊరుకోలేదు. కొట్టుకు సెలవున్న రోజుల్లో, నా గదిలో తలుపు వేసుకుని, నా కారుకు పురికొస కట్టి సగం ఇటుక లాగించాను. గ్లాసు ఎన్నిసార్లు ఒలికిందో నాకే తెలుసు. పుస్తకాల కట్టలు రెండు తడిసి పాడయ్యాయి. రెండేళ్ళు దాటాక ఒక మధ్యాహ్నం ఇటుక కదిలింది, నీళ్ళు కదల్లేదు. ఆ ఆనందం పంచుకోవడానికి నాకున్న ఒకే ఒక్క మనిషికి చెప్పలేను. దొంగిలించిన విద్య కదా.

దాంతో నేను నాలుగో స్థానం నుంచి మూడుకూ, మూడు నుంచి రెండుకూ వచ్చాను. రెండు దగ్గర గోడ. ఆ గోడ మా బావ.

ఈ చలికాలం ఆయనకు ఆయాసం మొదలైంది. గచ్చు మీద నిలబడలేక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నడిపేవాడు. అలా కూర్చుని కూడా గెలిచేవాడు. చివరి ఆదివారం, అంటే పోవడానికి మూడు వారాల ముందు, వేలు తుడుచుకున్నాడు, కుర్చీలో వెనక్కి వాలాడు. జెండా పడింది. ఆయన బండి చప్పుడు వేరేగా, సన్నగా, ఈల వేసినట్టు వినిపించింది. నాకు ఒక చెవి యార్డులో రివెట్ల మోతకే పోయింది, ఆ చెవి తప్పు అనుకున్నాను. మొదటి చుట్టులో ఆయన అందరినీ దాటి చాలా ముందుకు పోయాడు. రెండో చుట్టు మలుపులో బండి గాల్లోకి లేచి తిరగబడింది. ఎవరో వెళ్ళి సరిచేశారు. మళ్ళీ దూసుకుపోయింది. మళ్ళీ తిరగబడింది. మూడోసారి కూడా. నేను ఆ పక్క నుంచే, తాడు బిగిసేదాకా ఒక నొక్కు, బిగిశాక ఇంకో నొక్కు, ఐదు నిమిషాలూ ఒక్క కుదుపు లేకుండా నడిపి మొదటివాణ్ణయ్యాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ఆయన కుర్చీ చుట్టూ చేరారు. నేను దగ్గరికి వెళ్ళేసరికి ఆయన దగ్గుతూ నవ్వుతున్నాడు. "గెలిసీసినావేటిరా బామ్మర్దీ!" అని నా భుజం మీద కొట్టాడు. నా ముఖం చూడలేదు. కళ్ళు బండి మీదే ఉన్నాయి.

ఆ మాటలో మెచ్చుకోలు ఉందా, ఎగతాళి ఉందా? కావాలని వదిలేశాడా? నిజంగా చెయ్యి సడలిందా? మూడు వారాలు నాకు ఇదే పని. జాలిపడి ఇచ్చిందైతే ఆ గెలుపు ఆయన ముఖాన విసిరికొట్టాలి. నిజమైతే, ఒక్కసారి, ఒక్క మాట, ఆయన నోటితో ఒప్పుకోవాలి. అందుకే ఆ బస్సెక్కాను.

భూస్థాపన అయిన పదో రోజున అక్క నన్ను పిలిచి, "ఈ బండి తీసుకెల్లిపోరా. ఊడిసినప్పుడల్లా అడ్డం" అని సంచీలో పెట్టి ఇచ్చింది. ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్నాను. మర్నాడు ఉదయం బల్ల మీద పెట్టి పై తొడుగు విప్పాను. నాకు కావలసింది సాక్ష్యం. కావాలని ఓడినవాడు ఏదో ఒక అమరిక తగ్గించి ఉంటాడని నా లెక్క.

లోపల మూడు సెల్లుల బ్యాటరీ ఉంది. ఆరేళ్ళ కిందట నేను తీసి పక్కన పెట్టిన రకమే, కొత్తది. ఎలక్ట్రానిక్ పెట్టెకు తీగ కలిపి చూశాను. పంచ్ చిట్టచివరి మెట్టులో ఉంది. ముక్కులో నా సీసం ముక్క లేదు. దాన్ని జాగ్రత్తగా ఊడదీసి, కాగితంలో చుట్టి, పనిముట్ల డబ్బాలో ఒక మూల పెట్టాడు. ఆరేళ్ళు పట్టి మచ్చిక చేసినదంతా, నా పనీ ఆయన పనీ, ఒక్కొక్కటిగా విప్పేశాడు.

అక్కకు ఫోను చేశాను. "బావ బండిని ఎప్పుడు విప్పాడు?"

"ఆ ఆదోరం ముందల శనోరం పొద్దున్న. ఆస్పత్రి డాట్రుగోరు ఇంక గచ్చుకి ఎల్లొద్దనీసినారు గదా. ఇదే ఆకరన్నాడు. 'దాన్ని ఇన్నేల్లు పట్టుకోనున్నాను, ఒకపాలి ఒగ్గీసి సూస్తాను' అని కూకున్నాడు."

ఒగ్గేయడం అంటే మా వైపు వదిలేయడం. పట్టు విడిచిపెట్టడం.

అసలు సంగతి అడిగాను. "నా గురించి ఏమైనా అన్నాడా? నన్ను గెలిపిస్తానని గానీ, ఏదైనా?"

"నీ గురించా?" అక్కకు నిజంగానే అర్థం కాలేదు. "నీ గురించేటంతాడురా?"

ఫోను పెట్టేశాను. జవాబు దొరికింది. ఆయన నాకు గెలుపు వదిలిపెట్టలేదు. నాతో పోటీ పడి ఓడనూ లేదు. నేను నా బతుకులో మొదటిసారి ఆయన్ని దాటుతున్నానని పొంగిపోతుంటే, ఆయన పందెంలోనే లేడు. నేను గుర్తుకైనా రాలేదు.

కృతజ్ఞత చెప్పకుండా ముగిస్తే పత్రికవారు ఒప్పుకోరు. చెబుతాను, మనసారా చెబుతాను. నా వేలికి ఈరోజు ఉన్న ఓపిక ఆయనది. నేర్పనంటూనే, తలుపు తెరిచి పెట్టి వరండాలో కూర్చుని చేశాడు. నేను దొంగతనం అనుకున్నది ఆయనకు తెలియకుండా ఉంటుందా అని ఇప్పుడు అనుమానం వస్తోంది. ఆయన లేకపోతే నాకు ఆదివారాలు లేవు. ఇప్పుడు లేవు కూడా. కానీ అసూయ మాత్రం పోలేదు. ఆయన గెలిచిన పందేలన్నిటి మీదా పడిన అసూయ కలిపినా, ఓడిన ఆ ఒక్కదాని మీద పడుతున్నదానికి సాటిరాదు. నా చేతికి వచ్చిన దేన్నీ నేను అలా వదిలి ఎరగను. వదిలితే ఎలా ఉంటుందో నాకు తెలియదు.

ఆ రోజు నా కారు మీదే చూపు పెట్టాను గనుక, మూడోసారి ఆయన బండి తిరగబడినప్పుడు ఒక్క రెప్పపాటే అటు చూశాను. ఇప్పుడు అదే పదేపదే కనిపిస్తోంది. డ్రమ్ము పక్కన బండి వెల్లకిలా పడి ఉంది. వెనక చక్రాలు గాల్లో తిరుగుతున్నాయి. ఆ వేగానికి టైర్లు ఉబ్బి, సాగి, పళ్ళేలంత వెడల్పుగా, కాగితమంత పలచగా అయిపోయాయి. చప్పుడు చెవులు చీలుస్తోంది. డాక్టర్‌దా "ఛేడే దిన్ దాదా, ఛేడే దిన్!" వదలండి, వదలండి అని అరుస్తూ పరుగెడుతున్నాడు. మా బావ ప్లాస్టిక్ కుర్చీలో తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి నవ్వుతూ, గుర్రాన్ని చివరంటా లాగి పట్టుకునే ఉన్నాడు.